మొరం కప్పితే నేల బాగుపడదు

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి,
జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కలెక్టర్లకు,



కాలుష్యం మాటెత్తితే ఫ్యాక్టరీ పొగ, వాగులో కలిసే మురుగు గుర్తొస్తాయి. నేలలో ఇంకిన డీజిల్, పెట్రోల్, ఇంజన్ ఆయిల్ మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. మా మూడు జిల్లాల్లో ఆ లెక్క మొదలుపెట్టమని అడగడానికే ఈ లేఖ.

44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణా నది దాటి, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల నుంచి కర్నూలుకు పోతుంది. దారి పొడవునా లారీ మెకానిక్ షెడ్లు కనిపిస్తాయి. పెద్ద లారీకి ఒకసారి ఆయిల్ మారిస్తే పదిహేను లీటర్లకు పైనే నల్ల నూనె దిగుతుంది. కొంత డ్రముల్లో పడుతుంది. కొంత సెంట్రింగ్ పలకలకు పూస్తారు, చెదలకు కొడతారు. మిగిలింది నేలపాలు. అడుగు జారేంతగా జిడ్డు పేరుకుంటే ఒక ట్రాక్టర్ మొరం పోసి చదును చేస్తారు. ట్యాంకర్ బోల్తా పడినా ఇదే వరస. ఫైరింజన్ మంట అంటుకోకుండా చూస్తుంది, క్రేన్ బండిని లేపుతుంది, ట్రాఫిక్ కదులుతుంది. పక్క చెలకలో ఇంకిన డీజిల్ గురించి అడిగేవాళ్లుండరు.

మా ఎర్ర చెలకల్లో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నూనె తొందరగా కిందికి దిగుతుంది. అలంపూర్, మానవపాడు వైపు నల్లరేగడి దాన్ని కొంత పట్టి ఉంచుతుంది కానీ, ఎండలకు బీటలు వారితే ఆ పగుళ్లే దానికి దారి. పెట్రోల్‌లో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం, పైగా నీళ్లలో కరుగుతుంది. చెన్నై తండయార్‌పేటలో 2013లో ఇంధన పైపులైన్ లీకై ఇళ్ల బోర్లలో నూనె వచ్చింది. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది, శుద్ధి పని ఏళ్ల తరబడి సాగింది. బోరు మీదే సేద్యం చేసే మాకు అంత దాకా ఆగే తాహతు లేదు.

ఇప్పుడు చట్టం కూడా మీ చేతికి పని అప్పగించింది. కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను కేంద్రం 2025 జూలైలో తెచ్చింది. వాటి ప్రకారం అనుమానిత స్థలాలను గుర్తించి ఆరు నెలలకోసారి పోర్టల్‌లో నమోదు చేయాల్సింది స్థానిక సంస్థలు లేదా జిల్లా యంత్రాంగం. తర్వాత 90 రోజుల్లో మండలి ప్రాథమిక పరిశీలన చేయాలి. శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారిదే. వాడిన ఇంజన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని, అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ముందే చెప్పాయి. అంటే మొదటి అడుగు హైదరాబాద్‌లో కాదు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలెక్టరేట్లలో పడాలి.

శుద్ధికి విదేశీ యంత్రాలేం అక్కర్లేదు. నూనెను తిని బతికే సూక్ష్మజీవులు నేలలోనే ఉంటాయి. వాటికి గాలి, తడి, నత్రజని, భాస్వరం అందించాలి. కలుషితమైన మట్టిని తవ్వి, మందపాటి ప్లాస్టిక్ షీటు మీద పరిచి, పెంట ఎరువు కలిపి, తడి ఆరకుండా చూస్తూ తరచూ తిరగేస్తే డీజిల్ కొన్ని నెలల్లో చాలావరకు విరుగుతుంది. ఢిల్లీలోని టెరి సంస్థ ఇలాంటి బ్యాక్టీరియాను కలిపి ‘ఆయిల్‌జాపర్’ తయారుచేసింది. దాన్ని రిఫైనరీలు, చమురు క్షేత్రాల్లో వాడారు. మా ప్రాంతపు వేడి ఈ పనికి అనుకూలమే, తడి నిలపడమే కష్టం. ఒక హెచ్చరిక కూడా అవసరం. వాడిన ఇంజన్ ఆయిల్‌లో సీసం, జింకు లాంటి లోహాలుంటాయి, బ్యాక్టీరియా వాటిని తినదు. అలాంటి మట్టిని పరీక్షించి, అవసరమైతే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.

అందుకే మా విన్నపాలు నాలుగు.

ఒకటి, పోర్టల్‌కు పంపే అనుమానిత స్థలాల తర్వాతి జాబితాకు ముందే రహదారి వెంట షెడ్లు, లారీ అడ్డాలు, మూతపడ్డ బంకుల భూగర్భ ట్యాంకులు, పాత డీజిల్ నిల్వ స్థలాల దగ్గర మట్టి, బోరు నీళ్ల నమూనాలు తీయించండి.

రెండు, బిజినేపల్లి మండలం పాలెంలోని వ్యవసాయ పరిశోధనా స్థానానికి శుద్ధి ప్రయోగం అప్పగించండి. మా నేలల సంగతి వాళ్లకు తెలుసు.

మూడు, ట్యాంకర్ బోల్తా పడిన ప్రతిచోటా బండిని లేపడంతో పని ముగించకండి. మట్టి తీసి, పరీక్షించి, రైతుకు పరీక్ష ఫలితాల కాగితం ఇచ్చాకే కేసు మూయండి.

నాలుగు, మెకానిక్‌ల మీద జరిమానాలతో మొదలుపెట్టకండి. షెడ్డు కింద సిమెంటు గచ్చు వేసుకోవడానికి సాయం చేయండి, వాడిన నూనెను రీసైక్లర్ మనిషి వచ్చి తీసుకుపోయే ఏర్పాటు చేయండి. రోజంతా ఆ నూనెలో చేతులు పెట్టేది వాళ్లే, ముందు జబ్బు పడేదీ వాళ్లే. ఏర్పాటు చేశాక కూడా నేల మీద పారబోస్తే అప్పుడు చట్టం తన పని చేయాలి.

ఈ నాలుగింటికీ కొత్త జీవో అక్కర్లేదు. ‘మా జిల్లాలో అనుమానిత స్థలాలు లేవు’ అని రాసి సంతకం పెట్టే ముందు, చౌరస్తాలో ఏదో ఒక షెడ్డు ముందు మొరం తీయించి గడ్డపార లోతు తవ్వి చూడండి. ఆ తర్వాతే జాబితా పంపండి.

ఇట్లు,
ఉమ్మడి పాలమూరు వాసి