నిర్లక్ష్యానికి కూడా కులముంటది (3వ భాగం)

ఎక్కడ యాక్సిడెంట్ అయినా తెల్లారి పేపర్ల ఒకటే మాట: ‘డ్రైవర్ నిర్లక్ష్యం’. ఎఫ్‌ఐఆర్‌ల అదే మాట, మంత్రి నోట అదే మాట. డ్రైవర్ బతికుంటే జైలుకు, చచ్చిపోతే కేసు ఖతం. పాత ఐపీసీ 304ఎ కింద రెండేండ్ల దాక శిక్ష ఉండేది. కొత్త న్యాయ సంహిత 106 కింద ఐదేండ్ల దాక చేసిన్రు. శిక్ష పెరిగింది గని బోనెక్కే మనిషి మారలే. ఆ మాట ఎవరి మీద పడుతుందో, ఎవరిని తప్పిస్తుందో ఇయ్యాల మాట్లాడుకుందాం.

2013 అక్టోబర్ 30, తెల్లారుజాము. పాలమూరు జిల్లా కొత్తకోట మండలం పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న జబ్బార్ ట్రావెల్స్ వోల్వో బస్సు కల్వర్టుకు గుద్దుకుంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచినయి. 45 మంది కాలిపోయిన్రు. 2025 అక్టోబర్ 24న అదే హైదరాబాద్–బెంగళూరు రోడ్డు మీద, కర్నూలు దగ్గర చిన్నటేకూరుల ఇంకో ప్రైవేటు బస్సు కాలింది. 19 మంది ప్రయాణికులు పోయిన్రు. పన్నెండేండ్ల తేడా. డ్రైవర్ వేరు, బస్సు వేరు, కంపెనీ వేరు. మారనిది ఒక్కటే: కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్ తీసుకొని, సీటుకో టికెట్ అమ్ముకుంట, ఆర్టీసీ లెక్క బస్సులు నడిపే దందా. ఈ దందా ఏ రాత్రి ఏ చెక్‌పోస్టుకు తెల్వదు? తెలిసి వదిలేసుడు నిర్లక్ష్యం కాదా? దానికి ఏ సెక్షన్ పెట్టిన్రు?

ఆ బస్సుల పోయినోళ్ల కోసం దేశమంత ఏడ్చింది. ఏడ్వాల్సిందే. మరి మనోళ్ల సంగతి?

2018 ఏప్రిల్ 6. నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల. మిరప తోటకు కైకిలి పోతున్న తండా ఆడోళ్ల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాల్వల పడ్డది. తొమ్మిది మంది లంబాడీ ఆడబిడ్డలు పోయిన్రు. మూడు నెలలు తిరగకముందే, జూన్ 24న, వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలోళ్ల ట్రాక్టర్ మూసీ కాల్వల బోల్తా పడ్డది. 15 మంది. 2019 ఆగస్టుల పాలమూరు జిల్లా మిడ్జిల్ మండలం కొత్తపల్లి దగ్గర కూలోళ్ల ఆటోను లారీ గుద్దింది. 2021 జనవరిల మళ్లీ పీఏపల్లి మండలమే, అంగడిపేట స్టేజీ. మళ్లీ ఆటో, మళ్లీ కైకిలికి పోయి ఇంటికొస్తున్న మనోళ్లు.

ప్రతిసారీ ఒకటే తీర్పు: ‘పరిమితికి మించి ఎక్కిన్రు, డ్రైవర్ అజాగ్రత్త’. అంటే తప్పు ఎక్కినోళ్లది, తోలినోనిది. పొద్దుగాల ఆరు గంటలకు ఆ తండాకు బస్సు ఎందుకు రాలేదని అడిగినోడు లేడు. మన ఆడోళ్లు సరదాకు ట్రాలీ ఎక్కుతరా? చేను ఐదారు మైళ్ల దూరముంటది, పొద్దెక్కితే కైకిలి పోతది. భూమి ఉన్నోడు ట్రాక్టర్ పంపుతడు, భూమి లేనోళ్లు ఎక్కుతరు. ట్రాలీల ఎవరు కూసుంటరో చూస్తే ఊర్ల భూమి ఎవరి చేతుల ఉన్నదో తెలుస్తది.

చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. సరుకు బండిల ఊరికే ఎక్కిన మనిషికి బీమా కంపెనీ పరిహారం కట్టే పనిలేదని 2002ల ఆశారాణి కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం లెక్కల మనం ప్రయాణికులమే కాదు. బస్సుల చస్తే ప్రయాణికుడు, ట్రాలీల చస్తే ‘ఊరికే ఎక్కినోడు’. అందుకే మనకు హక్కుగ పరిహారం రాదు, దయతోని ఎక్స్‌గ్రేషియా వస్తది.

‘అయితే డ్రైవర్లను వెనకేసుకొస్తున్నవా అన్నా?’ అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నరు. లేదు. తాగి తోలినా, ఫోన్ మాట్లాడుకుంట తోలినా వాడు దోషే. నా ప్రశ్న ఆడ ఆగదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అన్నది. రాత్రంత తోలే ప్రైవేటు డ్రైవర్‌కు ఆ చట్టం ఉన్నన్ని రోజులు ఎవరు అమలు చేసిన్రు? 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ల ఆర్టీసీ బస్సు పడి 60 మందికి పైగా పోయిన్రు. వందకు పైగా మందిని ఒక్క బస్సుల కుక్కింది డ్రైవర్ ఒక్కడేనా? ఆ రూట్ల ఇంకో బస్సు నడపనోళ్ల పేరేంది? మరుసటేడు 52 రోజులు సమ్మె చేస్తే, కార్మికులను ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్నరు, దినకూలి డ్రైవర్లతోని బస్సులు తిప్పిన్రు. తర్వాత యూనియన్లను పక్కకు పెట్టిన్రు. ‘ఈ బండి రోడ్డెక్కేటట్టు లేదు’ అని చెప్పే గొంతు నొక్కి, రేపు అదే మనిషిని నిర్లక్ష్యం అంటరా?

ఈ చర్చల బాబాసాహెబ్ అనుభవం గుర్తుంచుకోవాలె. 1929ల చాలీస్‌గావ్‌ల ఆయనను మహర్‌వాడకు తీసుకపోతున్న టాంగా కల్వర్టు మీద తిరగబడ్డది. గుర్రం, బండి వాగుల పడ్డయి. ఆయన కాలు విరిగింది. తోలినోనికి టాంగా తోలుడు రాదు. తోలనొచ్చినోళ్లు అంటరానోన్ని ఎక్కించుకోమన్నరు. బండి కిరాయికిస్తం గని మేం తోలమన్నరు. గతి లేక ఎన్నడూ పగ్గం పట్టని మనిషే తోలిండు. మన పోలీసు స్టేషన్ల ఆ కేసు రాస్తే ఏమైతది? ‘డ్రైవర్ నిర్లక్ష్యం.’ తోలమన్న టాంగావాలాలు సాక్షులు కూడా కారు. వాళ్ల కాలంల టాంగా తోలమన్నరు, మన కాలంల బస్సు పంపమంటున్నరు. నేరం ఒక్కటే.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఆర్టీసీల టికెట్ లేదు. మంచి పని, దాన్ని ఎక్కిరించేటోళ్లకు మనం అడ్డం నిలబడాలె. కానీ రాని బస్సుల ఫ్రీ టికెట్ ఏం చేసుకోవాలె?

కాబట్టి విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ మండలంల ఈ పని చేయండి. ఏ తండాకు, ఏ వాడకు నాట్ల కాలంల, పత్తి కాలంల పొద్దుగాల, పొద్దుమీకి బస్సు లేదో రాయండి. ఆ కాయితం డిపో మేనేజర్‌కు ఇయ్యండి, రశీదు తీసుకోండి. సమాచార హక్కు కింద ట్రిప్పుల లెక్క అడగండి. రేపు ఏ కాల్వలనన్న ట్రాలీ పడితే, ‘మాకు తెల్వదు’ అనే మాట వాళ్ల నోట రాకుండ ఆ రశీదు మన చేతుల ఉండాలె.

జై భీం.