వంటయింటి విషయములు: పులుసును, ముక్కయును

మెట్టసీమలో ముసురు పట్టిన దినమున మాంసపు పులుసు కాగని వీథి యరుదు. తూర్పున మున్నేరు, పడమట పాలేరు, దక్షిణమున కృష్ణ. ఈ మూటి నడుమనున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకు డెల్టా గ్రామములవలె ఎడతెగని కాలువనీరు పూర్వమెన్నడును లేదు. 1967లో సాగరు కాలువలకు నీరు వదలి, అది క్రమముగా ఇచటికి చేరువఱకును మా మెట్టకు జొన్నయే యన్నము. కృష్ణకు ఆవలియొడ్డు పలనాడే కదా! అచట జొన్న తప్ప వేఱొండు దొరకదని శ్రీనాథుడు విసిగికొని చెప్పెనను చాటువు పెద్దల నోట వినని వారుండరు. ఆ మహాకవికి జొన్నసంకటి నడుమ గుంట చేసి, వేడి మాంసపు పులుసు పోసి పెట్టిన యిల్లాలు తటస్థింపలేదు కాబోలునని మాకు తోచును. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప సంకటి మూలబడినది గాని, పులుసు నిలిచినది. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరమువద్ద హైదరాబాదు బాట నిలిచిపోయిన దినములలో ఈ ప్రాంతపు పొయ్యిలమీద ఏమి కాగినదో మేము వేఱుగ వ్రాయ నక్కఱలేదు.

ఈ మాసమున ఆ పులుసును గూర్చియే వ్రాయదలచితిమి. ప్రేరణము ఒక సోదరి ప్రశ్న. “మా పిల్లలు సాయంకాలమైనచో బండిమీది నూడుల్సు కావలెనని మారాము చేయుచున్నారు, అన్నము ముట్టరు, ఏమి చేయుదుము?” అని యామె యడిగినది. పిల్లలను కోపింపవలదు. నూలుపోగులవంటి తిండియన్న పిల్లలకు ఎల్లదేశములందును ప్రీతియే. అమెరికా దేశమున చలికాలపు రాత్రులందు ఎద్దుమాంసమును చిక్కని రసముతో గంటలకొలది యుడికించి, గోధుమపిండి పోగులపై పోసి యింటిల్లిపాదియు తిందురట. మనకును తాలికలు, సేమియా, జంతికల గొట్టమునుండి దిగు సేవలు కలవు. పేరు మాఱిన మాత్రమున వస్తువు పరాయిది కాదు. కావున బియ్యపు సేవలమీద ముదురుమాంసపు పులుసు పోసి పెట్టు విధమును చెప్పెదము.

మొదట మాంసమును గూర్చి. మా యింట వాడుక మేకమాంసము. పెద్దకూర వండుకొను ఇండ్లును మా పట్టణములలో ననేకము కలవు. ఈ పుట చదువు సోదరీమణులలో ఆ యిండ్లవారును కలరు గనుక దానిని దాటవేయుట మర్యాద కాదు. మన రాష్ట్రమున 1977 నాటి శాసనము ఆవులను, దూడలను వధించుటను నిషేధించినది గావున, అంగడిలో దొరకునది సాధారణముగా ఎనుము మాంసము. అది మేకమాంసముకంటె ముదురు, నార యెక్కువ, క్రొవ్వు తక్కువ. ఏ మాంసమైనను ఈ వంటకు లేతది వలదు. మెడ, జబ్బ, కాలిపిక్క, మూలుగ ఎముక — వీనినే యడిగి తెచ్చుకొనవలెను. తొడమాంసమునకై పోటీపడు వారికి ఈ రహస్యము తెలియదు. పాటుపడిన కండలయందు జిగురునార దట్టముగా నుండును. అది సన్నని సెగమీద చాలసేపు ఉడికినచో కరగి రసముగా మాఱి, పులుసునకు చిక్కదనమును పెదవులంటుకొను జిగియు నిచ్చును. లేతకండలో ఆ జిగురు లేదు. ఎంత ఉడికించినను ఎండిపోవునే గాని కరగదు.

కిలో మాంసము ఆరుగురికి చాలును. ముక్కలు నిమ్మకాయంత యుండవలెను. చిన్నవైనచో తుదకు పీచు మిగులును. పసుపు, ఉప్పు, రెండు చెంచాల అల్లము వెల్లుల్లి ముద్ద పట్టించి గంటసేపు ఉంచవలెను. ఎనుము మాంసమైనచో పచ్చి బొప్పాయికాయ తురుము ఒక చెంచా చేర్చుట మంచిది. ఈ కిటుకును మాకు చెప్పినది మా వీథిలోని సాయిబుగారి యిల్లాలు. “అక్కా, ఒక్క చెంచా చాలు, రాత్రంతా ఉంచావంటే ముక్క కాదు, ముద్దవుతుంది,” అని హెచ్చరించిన దామె. బొప్పాయి పాలలోని గుణము మాంసపు నారను విఱుగగొట్టును. ఎక్కువసేపు ఉంచినచో విఱుచుటకు మఱేమియు మిగులదు.

గిన్నె అడుగు మందముగా నుండవలెను. నాలుగు చెంచాల నువ్వులనూనెగాని వేరుశనగనూనెగాని కాగినపిమ్మట దాల్చినచెక్క, లవంగములు నాలుగు, సన్నగా తఱిగిన పెద్ద ఉల్లిపాయలు మూడు వేసి, ఎఱ్ఱబాఱువఱకు ఓపికతో వేయింపవలెను. ఇచట తొందరపడిన వారి పులుసు తెల్లగా, నీళ్లనీళ్లగా వచ్చును. పిమ్మట మాంసము వేసి, దానినుండి దిగిన నీరు ఇగురువఱకు కలియబెట్టవలెను. కారము మా ప్రాంతపు మిరపకు రెండు చెంచాలు చాలును. ఇతర సీమలవారు తమ మిరపనుబట్టి చూచుకొందురు గాక. ధనియాలపొడి రెండు చెంచాలు వేసి, ముక్కలు మునిగి పైన రెండంగుళములు నిలుచునట్లు వేడినీరు పోయవలెను. చన్నీరు పోయవలదు, ఉడుకు నిలిచిపోవును.

ఇక సెగ. పులుసు కుతకుతలాడరాదు. అక్కడొకటి, ఇక్కడొకటి బుడగ లేచిన చాలును. పెద్దమంటమీద కండ బిగుసుకొని, లోని నీటినంతయు బయటికి పిండివేసి, ముక్క ఱబ్బరువలె నగును. మేకమాంసమునకు ఈ సన్నసెగమీద గంటన్నర మొదలు రెండు గంటలు, ఎనుము మాంసమునకు మూడు గంటలు పట్టును. కుక్కరు గలవారు మొదటి కూతవచ్చిన వెంటనే సెగ తగ్గించి, మేకకు ఇరువది నిమిషములు, ఎనుమునకు నలువది నిమిషములు ఉంచి, ఆవిరి దానంతటదే దిగనీయవలెను. కూతలు లెక్కపెట్టుట శాస్త్రము కాదు. ఒక్కొక్క కుక్కరు ఒక్కొక్క తీరున కూయును.

ముక్క మెత్తబడిన పిమ్మటనే నిమ్మకాయంత చింతపండు పిసికిన రసము, గసగసాలు ఎండుకొబ్బరి కలిపి నూరిన ముద్ద వేసి, పావుగంట మఱగనిచ్చి దింపవలెను. గోంగూర వేయువారు చింతపండు మానుకొందురు.

సేవలకు రెండు గ్లాసుల మెత్తని బియ్యపుపిండిని పొడిమూకుడులో పచ్చివాసన పోవునంతవఱకు వెచ్చజేసి, ఉప్పు, చెంచా నూనె వేసి, మసలుచున్న నీరు కొంచెము కొంచెముగా పోయుచు గరిటెతో కలిపి, చేయి పట్టగలిగినంతనే మర్దింపవలెను. సన్నని రంధ్రముల బిళ్ల వేసిన జంతికల గొట్టముతో, నూనె రాచిన ఇడ్లీ పళ్లెములలో చుట్టలుగా వత్తి, పది నిమిషములు ఆవిరిపై ఉడికింపవలెను. జొన్నపిండితో సేవలు కావలెనన్న కోరిక మాకును కలిగినది. జొన్నకు గోధుమవలె సాగుగుణము లేదు. ఒంటిగా వత్తినచో పోగు విఱుగును. సగము బియ్యపుపిండి కలిపిన నిలుచును. రుచికి సంకటి జ్ఞప్తికి వచ్చును. ఒక్క మాట మఱువరాదు: పులుసు పళ్లెములోనే, తినబోవునపుడే పోయవలెను. ముందుగా కలిపి యుంచిన సేవలు అంబలి యగును.

వంట విధము ఇంతటితో సరి. కాని ఈ వంట పొయ్యి దిగిన పిదప జరుగు సంగతి యొకటి కలదు. అది వంటకంటె మాకు ముఖ్యము.

కిలో మాంసము ఆరుగురికని వ్రాసితిమి. మన యిండ్లలో ఆ యారుగురును ఎవరు? ముందు మగవారు, పిదప పిల్లలు, పిదప అత్తగారు. తుదకు గిన్నె అడుగున మిగిలిన పులుసులో అన్నము కలుపుకొని తినునది కోడలు. ఆమె పళ్లెములో ఒక్క ఎముక యుండును, దానిని పిల్లవాడు ముందే జుఱ్ఱివేసియుండును. మేమెఱిగిన యొక యింటిలో బాలింతరాలైన కోడలు ముక్క లేదని గొణిగినపుడు పెద్దామె, “ముక్కలో ఏముందే పిచ్చిదానా! సారమంతా పులుసులోకి దిగింది,” అని యోదార్చినది. ఆమె మోసము చేయలేదు. తనకును ఆమె యత్తగారు ఈ మాటయే చెప్పియుండును. తరతరముల ఆడువారు ఈ మాటను నమ్మియే పులుసుతో తృప్తిపడిరి.

ఈ మాట నిజము కాదు. పులుసులోనికి దిగునది రుచి, వాసన, ఉప్పు, కరగిన క్రొవ్వు, కొంత జిగురు. ఒడలికి కండబట్టించు మాంసకృత్తులును, రక్తమునకు వలసిన యినుమును అధికభాగము ముక్కలోనే నిలిచియుండును. నూఱు గ్రాముల మాంసములో సుమారు ఇరువది గ్రాముల మాంసకృత్తులు కలవు. గిన్నెడు పులుసులో అందు స్వల్పభాగమే. ఈ భ్రమ మనకు మాత్రమే కలుగలేదు. జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ మాంసపు సారమును తీయు విధమును కనుగొనగా, 1865లో ఆయన పేర ఒక కంపెనీ వెలసి, ఆ సారమును బలవర్ధకమని లోకమునకంతకు విక్రయించినది. పిదప ఇతర శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది రుచికి మేలైనదే గాని మాంసమునకు బదులు కాజాలదని తేల్చిరి.

చరకసంహితలో మాంసరసమును పుష్టికరమని చెప్పలేదా యని సంస్కృతము చదివినవారు మమ్మడుగవచ్చును. చెప్పబడినది. అది కృశించినవారికి, జ్వరము విడిచి నమలి జీర్ణించుకొను శక్తి లేనివారికి చెప్పిన పథ్యము. మంచమునుండి లేవలేని వానికి చెప్పిన దానిని, దినమంతయు నీళ్లు తోడి, బట్టలుదికి, చంటిబిడ్డకు పాలిచ్చు స్త్రీకి నిత్యాహారముగా నిర్ణయించుట చరకుని యభిప్రాయము కాదు.

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనత గలవారని తేలినది. నూర్గురిలో ఏబదియెనమండ్రు! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో నిర్ణయించిన కొలతలనుబట్టి స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల యినుము కావలెను; పురుషునకు 19 చాలును. ఎక్కువ కావలసినవారి పళ్లెములో ముక్క లేదు. తక్కువ చాలువారి పళ్లెములో కుప్పపోసినట్లు కలదు. మాంసములోని యినుము మొత్తముగా చూచిన గొప్పది కాదు. మేకమాంసము నూఱు గ్రాములలో కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే యుండును. కాని ఆకుకూరలలోని దానికంటె అది సులభముగా ఒంటబట్టును. తోడుగా తిన్న పప్పు, కూరలలోని యినుమును సైతము ఒంటబట్టునట్లు చేయును. పైన నిమ్మకాయ పిండుకొన్న ఇంకను మేలు. తిన్న వెంటనే టీ త్రాగుట మాత్రము చేసిన మేలును చెఱచును, గంట యాగవలెను. మాంసము ముట్టని సోదరీమణులు పప్పులు, ఆకుకూరలు నిమ్మరసముతో తినవలెను. రక్తము తక్కువగా నున్నవారికి తిండి యొక్కటే చాలదు. ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగా నిచ్చు ఇనుపమాత్రలను మానక మ్రింగవలెను.

మా యింట మేము చేయునది చెప్పెదము. వడ్డనకు పూర్వమే, పొయ్యివద్దనే, ఇంటిలో ఎందఱున్నారో అన్ని గిన్నెలలో ముక్కలు లెక్కపెట్టి సర్దుదుము. వండిన వారి గిన్నెయు అందులో నొకటి. పెద్దముక్క, చిన్నముక్క యని చూడక పంచినచో తగవు లేదు. మొదట మా అత్తగారు దీనిని కఱవునాటి పంపకమని ఎగతాళి చేసిరి. తమ గిన్నెలోను మూడు ముక్కలు వచ్చినపిమ్మట ఊరకుండిరి. ఆమె పళ్లెములోను ఇంతకుముందు పులుసే యుండెడిదని అప్పుడు గాని మాకు తెలియలేదు. మా వారు బడి పంతులు గనుక లెక్కలో దిట్ట. ఆదివారములందు గరిటె వారిచేతికే ఇత్తుము. భీమసేనుడంతవాడు వలలుడను పేర విరటుని వంటయింట ఏడాది గడపెను. పంతులుగారు పూటకొకసారి వడ్డించిన చిన్నతనము లేదు.

మిగిలిన పులుసును గూర్చి ఒక మాట. ముసురు దినములలోనైనను దానిని గిన్నెలో పెట్టి రాత్రియంతయు పొయ్యిగట్టుపై విడువరాదు. చల్లారినవెంటనే ఫ్రిజ్జిలో పెట్టి, మఱునాడు ఒక్కసారి మాత్రమే, పొంగువచ్చువఱకు కాచి వాడుకొనవలెను. చల్లబడినపుడు పైన తెల్లగా పేరుకొన్న క్రొవ్వును చెంచాతో తీసి వేఱుగ నుంచుకొన్నచో మఱునాటి వంకాయకూర పోపునకు పనికివచ్చును. సేవలు మిగిలినచో వానిని మఱల ఆవిరి పట్టవలదు, జిగురగును. ఉల్లిపాయ, పచ్చిమిరప పోపువేసి పొడిగా వేయించిన పిల్లలు బడికి డబ్బాలో పట్టుకొనిపోవుదురు.