టాపు ఉండాలా, తీసెయ్యాలా?

మా రూమ్మేట్ లాప్‌టాప్ తెరిస్తే మొదట కనిపించేది ఎర్ర జాగ్వార్ ఈ-టైప్. టాపు లేనిది. "ఎప్పటికైనా కొంటే ఇదే కొనాలె" అంటాడు. ఎదురు మంచం వాడికీ అదే కారు కావాలి గానీ, కప్పు ఉన్న కూపే కావాలి. ఇద్దరి జేబులూ కలిపి దులిపినా ఈ నెల మెస్ బిల్లు వెళ్ళదు. అయినా రాత్రి రెండు దాకా కొట్లాట. మధ్య మంచం నాది కాబట్టి తీర్పు నన్ను చెప్పమన్నారు. అప్పుడు నిద్రొస్తుందని తప్పించుకున్నాను. ఇప్పుడు రాసి ఇస్తున్నా: నా ఓటు కప్పు ఉన్న కారుకే. అయితే ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో ఇదే పంచాయితీ వస్తే నేను చెప్పింది వేరే. ఎందుకో చదివి మీరే చెప్పండి.

ముందు జాగ్వార్ సంగతి. 1961 మార్చిలో జెనీవా షోలో ఈ-టైప్‌ను బయటపెట్టినప్పుడే రెండు రకాలూ ఉన్నాయి. ఇవాళ పాత కార్ల బజారులో మామూలుగా టాపు లేనిదానికే ధర ఎక్కువ పలుకుతుంది. కొత్తగా అమ్మిన రోజుల్లో ఇంగ్లాండులో కూపేకే కొంచెం ఎక్కువ పెట్టాల్సి వచ్చేది. అంటే కారు మారలేదు, కొనేవాళ్ళ అవసరం మారింది. అప్పుడు దాంట్లో ఊరికి పోవాలి. ఇప్పుడు ఆదివారం పూట నలుగురికీ కనబడాలి. ఓపెన్ టాప్ ఇష్టం అనేవాళ్ళలో సగం మందికి కారు మీద కంటే కారులో తాము కనబడటం మీదే ఇష్టమని నా అనుమానం. మన సినిమా హీరోలు ఊళ్ళోకి దిగేది టాపు తీసిన జీపులోనే కదా. టాపు వేస్తే కటౌట్ ఎట్లా కనిపిస్తుంది మరి!

ఇది ఎకసెక్కం అనుకుంటే, అసలు ఇంజినీరింగ్ వాదన వినండి. ఒక అగ్గిపెట్టె తీసుకోండి. డబ్బీ మూసి ఉన్నప్పుడు రెండు చివరలూ పట్టుకొని మెలితిప్పి చూడండి. గట్టిగానే ఉంటుంది. ఇప్పుడు లోపలి అర ఒక్కటే తీసి తిప్పండి. చెప్పులో అట్టలాగా మెలికపోతుంది. సెకండ్ ఇయర్‌లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో క్లోజ్డ్ సెక్షన్, ఓపెన్ సెక్షన్ అని రెండు పేజీల లెక్క చేసి సగం మంది బ్యాక్‌లాగ్ తెచ్చుకున్నాం చూడండి, ఆ లెక్క సారాంశం ఇంతే. మోనోకాక్ కారులో కప్పు అంటే ఎండకు పట్టిన గొడుగు కాదు, బరువు మోసే ఎముక. దాన్ని కోసేస్తే ఒక చక్రం గుంతలో పడ్డప్పుడల్లా బాడీ మొత్తం మెలిక తిరగాలని చూస్తుంది. అద్దం ఫ్రేమూ డాష్‌బోర్డూ గజగజలాడతాయి. దీన్నే స్కటిల్ షేక్ అంటారు. ఆ వణుకు ఆపడానికి తలుపుల కింది సిల్స్‌లో, ఫ్లోర్‌లో అదనంగా ఇనుము నింపాలి. తేలికగా ఉండాల్సిన స్పోర్ట్స్ కారు కప్పు తీసేసినందుకు బరువెక్కుతుంది.

అన్ని కార్లూ ఈ సూత్రానికి లొంగవు, అది కూడా చెప్పాలి. ఎంజీ-బి అనే బ్రిటిష్ కారు 1962లో పుట్టడమే ఓపెన్ కారుగా పుట్టింది. అందుకని గట్టితనమంతా కిందనే పెట్టారు. 1965లో దానికి కప్పు వేసి జీటీ అని తెచ్చారు. బరువు పెరిగి పికప్ కొంచెం తగ్గింది. కానీ గాలి సాఫీగా జారిపోవడంతో టాప్ స్పీడ్ మాత్రం పెరిగింది. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ కథ దీనికి తిరగేసింది. 1954 కూపేకి పైపులతో అల్లిన ఫ్రేము పక్కల బాగా ఎత్తుగా ఉండేది. మామూలు తలుపు పెట్టే చోటే లేక రెక్కల్లా పైకి లేచే తలుపులు పెట్టారు. మనం స్టైల్ కోసం పెట్టారనుకుంటాం. 1957లో టాపు లేని రోడ్‌స్టర్ చేయాల్సి వచ్చినప్పుడు రెక్కలు తగిలించడానికి కప్పే లేదాయె! ఫ్రేమును పక్కల కిందికి దించి మళ్ళీ డిజైన్ చేశారు. టాపు తీయడం అంటే బోల్టులు విప్పడం కాదని ఈ ఒక్క కారు చూస్తే తెలుస్తుంది.

ఇక వాతావరణం. ఓపెన్ స్పోర్ట్స్ కారు మోజు ముదిరింది ఇంగ్లాండు లాంటి దేశాల్లో. ఎండ చుట్టంలా వచ్చిపోయే చోట అది వచ్చిన పూట టాపు తీసుకొని తిరగాలనిపించడం సహజమే. మా ఆదిలాబాద్ జిల్లాలో మే నెలలో 44 డిగ్రీలు. అదే జిల్లాలో జనవరి తెల్లారుజామున చలికి స్టీరింగ్ పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. మధ్యలో నాలుగు నెలలు వాన. లెక్కేస్తే టాపు తీసి తిరగగలిగే రోజులు ఏడాదికి ఎన్ని?

ఇంతవరకు నా తీర్పులో తిరకాసు లేదు. తిరకాసంతా మా ఇంటి ముందర నిలబడి ఉన్నది. మాది ఇచ్చోడ. బాపు దగ్గర పాత మహీంద్రా ఎంఎం 540 జీపుంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. విత్తనాలు, ఎరువు బస్తాలు, పత్తి ఏరే కూలీలు, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయే చుట్టాలు, అన్నీ దాంట్లోనే. మార్చిలో టాపు తీసి సిరిచెల్మ దిక్కు పొద్దున్నే పోతుంటే ఇప్పపువ్వు వాసన ముఖానికి కొడుతుంది. ఆ వాసన ఏ కూపేలోకీ రాదు, నిజమే. హాస్టల్లో ఈ సంగతి మా రూమ్మేట్‌కు చెప్పలేదు, చెప్తే కేసు గెలిచేవాడు.

ఆ జీపు గుడ్డ టాపు ఈసారి పూర్తిగా చివికిపోయింది. కొత్త గుడ్డ కుట్టించాలా, రేకుతో గట్టి టాపు వెల్డింగ్ చేయించాలా అని ఇంట్లో మాటొచ్చింది. అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "రేకే." దానికో కారణముంది. నాలుగేళ్ల కింద ఆగస్టులో ఒక రాత్రి చెల్లెకు జ్వరం 103 దాటింది. ఆదిలాబాద్ దవాఖానకు 30 కిలోమీటర్ల చిల్లర. పాత 7 నంబరు, ఇప్పటి 44 నంబరు జాతీయ రహదారి మీద మంచి రోడ్డే. కానీ గుడిహత్నూర్ దాటంగనే వాన అడ్డంగా కొట్టింది. పక్క తెరల బటన్లు ఎప్పుడో ఊడిపోయినయి. ఒక లారీ పక్కనుంచి పోతే చెరువులో నీళ్ళు బకెట్‌తో పోసినట్టు పడ్డాయి. అమ్మ చెల్లె మీద యూరియా సంచుల పట్ట కప్పి, దాని మీద తను వంగి కూర్చుంది. నేను తెర అంచు చేత్తో పట్టుకున్నా, ఆదిలాబాద్ దాకా వదల్లేదు. చెల్లె ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ఆ రాత్రి చెప్తే నవ్వుతుంది. అమ్మ మాత్రం వానపడితే జీపెక్కదు. బస్సు లేటైనా సరే స్టాండ్‌లోనే నిలబడుతుంది.

బాపు నా దిక్కు చూసి "ఇంజినీరింగ్ చదువుతున్నవ్ గద, నువ్వే చెప్పు" అన్నాడు. నా తీర్పు ప్రకారం నేను "రేకే" అనాలి. అనలేకపోయాను. జీపుకు కింద లాడర్ ఫ్రేము ఉంది, మెలిక బరువు చాలావరకు అదే మోస్తుంది. జాగ్వార్‌లో కప్పు చేసే పని ఇక్కడ కప్పు చేయదు. పైగా వెల్డింగ్ షాపు అన్న అంచనా ప్రకారం ఆ రేకు టాపు 80 కిలోలకు తక్కువ రాదు. ఆ బరువంతా నెత్తిన పడుతుంది. ట్రాక్ వెడల్పులో సగాన్ని సీజీ ఎత్తుతో భాగించి చూడండి, ములుపులో బండి ఎంత తొందరగా బోల్తా పడుతుందో ఆ అంకె చెప్తుంది. జీపు ముందే ఎత్తు, ముందే ఇరుకు. చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మన ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 15 ఏళ్ళు దాటిన బండి, ప్రతి 5 ఏళ్ళకూ ఆర్‌సీ రెన్యువల్‌కు తీసుకుపోవాలి. అక్కడ ఈ రేకు చూసి ఏమంటారు?

ఇదంతా నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాక బాపు అన్న మాట ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేదు. "గదంత గాదు బిడ్డా. రేకు ఏస్తే జాతరనాడు పైన పదిమంది ఎక్కుతరు. వద్దన్న ఇనరు. గుడ్డ మీద ఎవ్వడెక్కుతడు?"

సీజీ ఎత్తు గురించి నేను పది నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. మా రోడ్ల మీద టాపు మీద జనంతో పోయే జీపులు చూసినవాళ్ళకు ఇది జోక్ కాదని తెలుసు.

కాబట్టి హాస్టల్ కేసులో కూపే, ఇంటి కేసులో గుడ్డ టాపు. రెండు నాలుకల మనిషినని రూమ్మేట్లు అంటారు, అననీ. కప్పు బండిలో ఏం పని చేస్తుందో చూసి ఎంచుకోమంటున్నా, ఫొటోలో ఎట్లుంటదో చూసి కాదు. మహీంద్రా వాళ్ళు కూడా 2020 అక్టోబరులో కొత్త థార్ తెచ్చినప్పుడు గుడ్డ టాపూ ఇచ్చారు, హార్డ్ టాపూ ఇచ్చారు. కంపెనీయే మొదటినుంచి దానికి తగ్గట్టు డిజైన్ చేసిన హార్డ్ టాపు అయితే నేను కళ్ళు మూసుకొని అదే తీసుకుంటా. మా వెల్డింగ్ అన్న మంచోడే, కానీ ఆయన దగ్గర ఉన్నది టేపూ సుద్దముక్కే.

అమ్మను ఒప్పించడం మాత్రం లాడర్ ఫ్రేము వల్ల కాలేదు. రెండ్రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాడు "గుడ్డయితే గుడ్డ, కాని బటన్లు పెడితే మాత్రం నేను ఊకోను" అంది. గుడ్డ ఇప్పుడు ఆదిలాబాద్‌లో కుట్టే ఆయన దగ్గరుంది. పక్క తెరలకు నాలుగు దిక్కులా జిప్పులు పెట్టమని, కింద జానెడు గుడ్డ ఎక్కువ వదలమని అమ్మే ఫోన్ చేసి చెప్పింది. మిరుగుకు ముందే ఇస్తానన్నాడట. మొదటి వానకు అమ్మ జీపెక్కుతుందో, బస్ స్టాండ్‌కే పోతుందో చెల్లె ఫోన్ చేసి చెప్తానంది.