రూపాయల్లోనా, డాలర్లలోనా?

బాలలూ! మీ ఇంట్లో ముత్తాతగారుగాని, బాగా పెద్దవయసు తాతగారుగాని ఉంటే ఒక ప్రశ్న వేసి చూడండి: "బెజవాడనుంచి హైదరాబాదు వెళ్ళేవాళ్ళు డబ్బు మార్చుకోవలసివచ్చేదా?" అని. అవుననే చెబుతారు. నిజాముగారి ఏలుబడిలో హైదరాబాదు రూపాయి వేరు. దాన్ని "హాలీ సిక్కా" అనేవారు. ఇవతల చెల్లే ఇంగ్లీషువారి రూపాయికి అక్కడ "కల్దారు" అని పేరు. కల్ అంటే యంత్రం. యంత్రంమీద తయారైన నాణెమన్నమాట. ఆరు కల్దార్లిస్తే సుమారు ఏడు హాలీ రూపాయలు వచ్చేవి. హాలీ రూపాయి చెల్లుబాటు పూర్తిగా ఆగిపోయింది 1959లో.

ఆరిస్తే ఏడు వచ్చాయి, ఒక రూపాయి లాభం అని సంబరపడిన కుర్రవాళ్ళు ఆ రోజుల్లో ఉండే ఉంటారు. ఈ రోజుల్లో ఇండోనేషియా వెళ్ళినవాడికి మన వంద రూపాయలకు వాళ్ళ రుపయాలు పదివేలకు పైగా వస్తాయి. వాడూ అలాగే పొంగిపోతాడు. తీరా కాఫీ తాగటానికి వెళితే అక్కడ ధరలుకూడా వేలల్లోనే ఉంటాయి!

కనక చేతికి ఎన్ని వచ్చాయన్నది ముఖ్యం కాదు. మార్చినవాడు మధ్యలో ఎంత మిగుల్చుకున్నాడన్నది చూడాలి. షరాబు ఊరికే డబ్బు మార్చడు. అతను మిగుల్చుకునేదాన్ని మన పెద్దలు "వట్టం" అనేవారు. ఆ వట్టం ఇప్పటికీ ఉన్నది. ఎక్కడెక్కడ దాగి ఉన్నదో చూద్దాం.

మీరు అమ్మా నాన్నలతో సింగపూరు వెళ్ళారనుకోండి. అక్కడి డబ్బుకూడా డాలరే, కాని అమెరికా డాలరు కాదు. దాని ధర రోజూ మారుతుంది. లెక్క సులువుగా ఉండటానికి ఒక డాలరు 70 రూపాయలనుకుందాం. విమానాశ్రయంలో డబ్బు మార్చే కొట్టు ఉంటుంది. గోడమీది పలకలో రెండు ధరలు కనిపిస్తాయి, ఒకటి కొనే ధర, రెండోది అమ్మే ధర. మామిడిపళ్ళవాడు తోటలో ఒక ధరకు కొని, బజారులో ఇంకో ధరకు అమ్ముతాడు గదా! ఈ కొట్టువాడికి డబ్బే సరుకు. అతను డాలరును 73 రూపాయలకు అమ్ముతాడు, 67కు కొంటాడు అనుకుందాం. నాన్న 7,300 రూపాయలిచ్చి నూరు డాలర్లు పుచ్చుకున్నారు. ఇంతలో ప్రయాణం ఆగిపోయింది. ఆ నూరు డాలర్లూ తిరిగి ఇచ్చేస్తే చేతికి వచ్చేది 6,700. ఏమీ కొనకుండానే 600 రూపాయలు పోయాయి! అదే కొట్టుమీద "మేము కమిషను పుచ్చుకోము" అని పెద్ద అక్షరాలతో రాసి ఉండవచ్చు. ఆ మాట అబద్ధం కాదు. కమిషను పుచ్చుకోలేదు, ధరలోనే కలుపుకున్నాడు.

ఇక్కడ ఒక తమాషా లెక్క చేసి చూడండి. డబ్బు మార్చిన ప్రతిసారీ నూటికి ఐదు పోతుందనుకోండి. వందతో బయలుదేరి, దేశం వెంట దేశం తిరుగుతూ, ఎక్కడా ఒక్క ఇడ్లీకూడా కొనకుండా, కేవలం డబ్బు మార్చుకుంటూ పోతే ఎన్నోసారికి సగం హరించిపోతుంది? పదోసారికని తొందరపడి చెప్పకండి. ప్రతిసారీ మిగిలినదానిలోనే నూటికి ఐదు తియ్యాలి. పధ్నాలుగోసారికి చేతిలో యాభైకన్న తక్కువ మిగులుతుంది. ఐరోపాలో ఇరుగుపొరుగు దేశాలవాళ్ళకు నిజంగానే ఈ బాధ ఉండేది. 2002 జనవరి 1న పన్నెండు దేశాలలో యూరో నోట్లూ నాణేలూ వాడకంలోకి వచ్చాక, ఆ దేశాల మధ్య తీరింది. మన పొరుగున నేపాలు వెళ్ళేవారికీ చిక్కు తక్కువే. 1993నుంచి మన 100 రూపాయలకు నేపాలు రూపాయలు 160 అని ధర కదలకుండా ఉన్నది.

సరే, నోట్లు మార్చటమెందుకు, కార్డు ఉన్నది గదా అంటారు. నిజమే, చాలాచోట్ల కార్డే మేలు. ఐతే దానికీ వట్టం ఉన్నది. మీరు భోజనం చేశారు, బిల్లు నూరు డాలర్లయింది. కార్డు కంపెనీ దాన్ని 7,000 రూపాయలుగా కట్టిందనుకుందాం. మన బాంకుల్లో చాలావాటికి విదేశపు ఖర్చుమీద నూటికి మూడున్నర వేసే అలవాటున్నది. అది 245 రూపాయలు. ఆ 245 మీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి., 44 రూపాయల 10 పైసలు. మొత్తం 7,289 రూపాయల 10 పైసలు. ఈ మూడున్నర వెయ్యని కార్డులుకూడా కొన్ని ఉన్నాయి. బయలుదేరకముందే బాంకువారి నడిగితే చెబుతారు.

అసలు కథ ఇప్పుడే ఉన్నది. హోటలువాడు తెచ్చిన చిన్న యంత్రం కార్డు చూడగానే అది ఇండియాదని పసికడుతుంది. వెంటనే ఎంతో మర్యాదగా, "నూరు డాలర్లు చెల్లిస్తారా, లేక 7,420 రూపాయలు చెల్లిస్తారా?" అని అడుగుతుంది. పరాయి దేశంలో మన రూపాయి కనిపిస్తే ప్రాణం లేచివస్తుంది. ఎంత పోతున్నదో స్పష్టంగా తెలుస్తున్నదిగదా అని నాన్న రూపాయలు నొక్కేస్తారు. కాని 7,000 కావలసింది 7,420 ఎలా అయింది? డబ్బు మార్చే పని మన కార్డు కంపెనీనుంచి లాక్కుని, హోటలువాడి తరఫు బాంకు చేసింది. ధర తనకిష్టమైనట్టు వేసుకున్నది. అంతటితో అయిపోదు. విదేశంలో రూపాయల్లో చెల్లించినా మన బాంకులు కొన్ని వేరే రుసుము వేస్తాయి. అది నూటికి ఒకటి అనుకుంటే 74 రూపాయల 20 పైసలు, దానిమీద జి.ఎస్.టి. 13 రూపాయల 36 పైసలు. మొత్తం 7,507 రూపాయల 56 పైసలు! డాలర్లు నొక్కి ఉంటే 218 రూపాయలకు పైగా మిగిలేవి. ఒక్క భోజనానికే ఇంత; వారంరోజుల హోటలు అద్దెకు ఎంతవుతుందో మీరే కట్టుకోండి.

ఈ ప్రశ్న అడగటం నేరమని నేననను. కాని దీనిని ప్రయాణీకుడి సౌకర్యంకోసం పెట్టామని చెబుతారు చూశారూ, ఆ మాటమాత్రం నాకు మింగుడుపడదు. కొన్నిచోట్ల దుకాణంవాడే మనల్ని అడక్కుండా రూపాయలు నొక్కేస్తాడు. కార్డు కంపెనీల నియమాల ప్రకారం ఎంచుకునే హక్కు కార్డుగలవాడిదే. కనక రహస్య అంకె వెయ్యకముందు యంత్రంమీద ఏ డబ్బు కనిపిస్తున్నదో చూసి, రూపాయలైతే "రద్దుచేసి డాలర్లలో వెయ్యండి" అని అడగాలి. పెద్దవాళ్ళు సామాను చూసుకునే తొందరలో ఉంటారు. ఆ చూసే పని మీరు పెట్టుకోండి.

సింగపూరునుంచి చాలామంది థాయిలాండుకూడా పోతారు. అక్కడి డబ్బు బాత్. ఏ.టి.ఎం.లో పరాయి దేశపు కార్డు పెడితే, తీసిన ప్రతిసారీ రెండు వందలకు పైగా బాత్ రుసుము పడుతుంది. వెయ్యి తీసినా అంతే, పదివేలు తీసినా అంతే. రోజూ వెయ్యి చొప్పున తీసేవాడు నూటికి ఇరవై పోగొట్టుకుంటాడు! ఒకేసారి తీసుకుని భద్రంగా దాచుకోవటం మంచిది. ఏ.టి.ఎం. కూడా "మార్చి ఇవ్వనా?" అని అడుగుతుంది. "వద్దు" అనే బొత్తామే నొక్కాలి. డబ్బు ఎలాగూ వస్తుంది, భయపడనక్కర్లేదు.

పెద్దలకు ఒక ముక్క. 2020లో రిజర్వు బాంకు పెట్టిన నియమంవల్ల కొత్త కార్డులు మొదట మన దేశంలోనే పనిచేస్తాయి. విదేశపు వాడకాన్ని ఇక్కడ ఉండగానే తెరిపించుకోవాలి, తిరిగి వచ్చాక మూయించాలి.

పిల్లలు చెయ్యవలసిందికూడా ఒకటున్నది. బయలుదేరే రోజు ఉదయం ఆనాటి ధర చూసి, ఒక అట్టముక్కమీద 1, 5, 10, 20, 50, 100 డాలర్లకు ఎన్నెన్ని రూపాయలో రాసి జేబులో పెట్టుకోండి. రూపాయల్లో ఎంతో చెప్పటానికి యంత్రం అక్కర్లేదు, మీ అట్టముక్కే చెబుతుంది. ధర కొద్దిగా మారినా, 7,420 అన్న అంకెను చూడగానే అది పట్టిస్తుంది.

చివరిరోజున జేబులు తడుముకోండి. డబ్బు మార్చే కొట్లలో సాధారణంగా నోట్లే తీసుకుంటారు, నాణేలు తీసుకోరు. వాటితో ఏ బిస్కట్లో కొనుక్కుని, ఒక్కొక్క రకం ఒకటి చొప్పున మీ నాణేల పెట్టెకు తెచ్చుకోండి.