వీధి తలుపు అమ్మేద్దామా, బాగుచేయిద్దామా?

పోయిన ఐప్పశి వానలకు మన తంజావూరు పక్క ఊరింటి వీధి తలుపు కదలనని మొండికేసింది. ఇంట్లో అత్తయ్య ఒక్కతే. పొద్దున్నే పాలబ్బాయి బయటినుంచి భుజం పెట్టి తోస్తేగానీ రెక్క తెరుచుకోలేదట. ఆ సాయంత్రమే మన వాట్సాప్ గ్రూపులో పంచాయితీ మొదలైంది. "తీసేసి ఇనుప తలుపు పెట్టేద్దాం" అని తమ్ముడు. "కారైక్కుడి నుంచి పాత తలుపులు కొనేవాళ్లు అడుగుతున్నారు, మంచి ధర వస్తుంది" అని పెద్దన్నయ్య. "అయ్యో, తాతయ్య పెట్టిన తలుపు!" అని పిన్ని. ఆవిడ ఊరికి వచ్చి ఆరేళ్లయింది, అది వేరే సంగతి.

నా మాట ముందే చెప్పేస్తాను. బాగుచేయిద్దాం. అయితే తాతలనాటిది కదా అని కళ్లకద్దుకుని మాత్రం కాదు.

తమ్ముడి మాటలో న్యాయం ఉంది. అత్తయ్యకు డెబ్బై ఆరేళ్లు. రాత్రి ఏదైనా అయితే లోపలినుంచి తలుపు తెరవలేని మనిషికి వారసత్వం గురించి చెప్పడం మర్యాద కాదు. అందుకే మొన్న వెళ్లినప్పుడు ఆశారిని వెంటబెట్టుకుని, తలుపును పైనుంచి కిందదాకా చూపించాను. ఆయన చూపించిన మూడు సంగతులు విన్నాక నాకు దారి తెలిసింది.

మొదటిది, మన తలుపుకు బందులు లేవు. రెక్క అంచులోనే పైనా కిందా ఒక మొన చెక్కి ఉంటుంది. అది ద్వారబంధంలోని గుంటలో కూర్చుని తిరుగుతుంది. ఆశారి దాన్ని కుడుమి అంటారు, అంటే పిలక. కుడి రెక్క కింది పిలక అరిగిపోయింది. రెక్క కిందికి జారి నేలను రాస్తోంది. ఇన్నాళ్లూ మనం బరువు బరువు అని తిట్టుకున్నది అసలు బరువు కాదు, అరుగుదల. కొత్త పిలక అతికి, దానికి ఇత్తడి తొడుగు వేస్తే ఒంటిచేత్తో తెరవచ్చునట.

రెండోది, ద్వారబంధం కింది అడుగు మేర కర్ర మెత్తబడింది, ఎడమపక్క చెదలు కూడా పట్టింది. దానికి కారణం తలుపు కాదు, వీధి. మన చిన్నప్పుడు వీధిలోంచి అరుగెక్కడానికి మూడు మెట్లుండేవి, గుర్తుందా? ఇప్పుడు ఒకటే. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త తారు పోస్తూ వచ్చారు. వీధి లేచింది, ఇల్లు దిగింది. వాననీళ్లు గడప దాకా చిమ్ముతున్నాయి. ఈ నీళ్ల సంగతి చూడకుండా కొత్త తలుపు పెడితే కర్రయితే కుళ్లుతుంది, ఇనుమైతే తుప్పు పడుతుంది. ఏం పెట్టినా పదేళ్లకు మళ్లీ ఇదే పంచాయితీ.

మూడోది, మిగతా కర్ర అంతా చేవ. ఆశారి ఉలి మొనతో గుచ్చి చూపించారు, దిగలేదు. ముదురు టేకు చేవలో ఉండే నూనె వల్లే చెదలు దాని జోలికి అంతగా పోదు. ఇప్పుడు దొరికే లేతచెట్టు కలపలో అంచున తెల్ల చెక్క ఎక్కువ, దానికి ఆ బలం లేదు. కొత్త టేకు తలుపు అనగానే పాతదానికంటే గట్టిదని అనుకోవడానికి లేదు.

ఇక డబ్బు సంగతి. బాగుచేతకు ఆశారి చెప్పింది 42 వేలు. ఇనుప తలుపు 28 వేలు. బంధంతో సహా కొత్త టేకు తలుపు లక్షా పది వేలు. ఇనుమే చవక, దాచను. కానీ ఆ 28 వేలలో వాననీళ్లకు కాలువ లేదు, గడప ముందు రాయి లేదు. ఏ తలుపు పెట్టినా ఆ ఖర్చు తప్పదు.

అమ్మితే డబ్బొస్తుంది కదా అని అన్నయ్య అనొచ్చు. నేను కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధిలో నడిచాను. కూల్చిన ఇళ్ల తలుపులు గోడలకు ఆనించి నిలబెట్టి ఉంటాయి. కొన్ని హోటళ్లకు పోతాయి, కొన్నిటిని అద్దం వేసి బల్లలు చేస్తారు. కూలిన ఇంటి తలుపు చెత్తలో పోవడం కంటే అది నయమే, ఆ వ్యాపారాన్ని నేను తప్పు పట్టను. కానీ మన ఇల్లు కూలలేదు. అందులో మనిషి ఉంది, రోజూ గడపకు పసుపు రాస్తోంది.

అలాగని ఏదీ మార్చకూడదనే పట్టుదలా నాకు లేదు. కుళ్లిన అడుగు కోసేసి పాత టేకు ముక్క కుసి పెట్టి అతికిద్దాం, బంధం కాళ్ల కింద రాతి దిమ్మలు పెట్టిద్దాం. గడప పూర్తిగా పోయింది, కొత్తదే వేయిద్దాం. అడ్డగడియ అత్తయ్య ఎత్తలేదు. అది గోడకు ఉండనిచ్చి, చేతికందే ఎత్తులో మంచి తాళం పెట్టిద్దాం. మేలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళం ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు. తెర మారింది, దీపాలు మారాయి, వేషాలు కట్టేవాళ్లు తరం తరానికీ మారారు. ఆట ఆగలేదు. తలుపైనా అంతే.

ఇంకొక్క మాట. ఆశారి నిలై అంటే నేను ద్వారబంధం అన్నాను. పక్కనున్న మా అమ్మాయి రెండు మాటలూ ఎరగదు, "ఫ్రేమా అమ్మా?" అంది. మనలాంటి ఇళ్లలో తెలుగు బడిలో నేర్చుకున్నది కాదు, వస్తువులను పట్టుకుని నిలిచింది. గడప, గడియ, అరుగు, దీపపు గూడు. వస్తువు పోతే పిల్లలకు ఆ మాట చెప్పే సందర్భమే రాదు. తలుపు బాగుచేస్తే తెలుగు బతికిపోతుందని అనను. చూపించి చెప్పడానికి ఒక చోటు మాత్రం మిగులుతుంది.

మీ ఊరింట్లోనూ ఇలాంటి తలుపు ఉంటే, కొనేవాళ్లకు ఫోను చేసేముందు ఒక పూట వడ్రంగికి చూపించండి. ఏది అరిగింది, ఏది కుళ్లింది, నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి అని అడగండి. పాత రంగు గీకించేటప్పుడు పొడిగా గీకనివ్వకండి, అందులో సీసం ఉండొచ్చు. తడిపి, సన్నటి దుమ్మును ఆపే మాస్కు పెట్టుకుని చేయమనండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

మనవాళ్లకు: ఏడు కుటుంబాలం, తలా ఆరు వేలు. కాలువకూ గడప ముందు రాతికీ అయ్యేది నేను పెట్టుకుంటాను. సంక్రాంతికి అందరం ఊరికి వస్తాం కదా, తమ్ముడూ, ఆ తలుపు ముందు నువ్వే తోసి చూడు. ఒంటిచేత్తో తెరుచుకోకపోతే ఇనుప తలుపు ఖర్చు నాది.