జేబులో కాంట్రా

టీవీ గేమ్ క్యాసెట్‌ని బయటికి తీసి, నోటితో గట్టిగా ఊది, మళ్లీ పెట్టిన తరం మీదైతే మనం చుట్టాలమే. కాకపోతే మీ ఇంట్లో ముప్ఫై అయిదు దాటినవాళ్లనెవరినైనా అడిగి చూడండి. 'ఊదితే పనిచేసేది' అని ఒట్టేసి మరీ చెబుతారు. నిజానికి పనిచేసింది ఊదడం వల్ల కాదు, తీసి పెట్టడం వల్ల. సరిగ్గా ఆనని చోట మళ్లీ ఆనేది, అంతే!

ఆ పిచ్చి ఇంకా వదల్లేదు కాబట్టే పోయిన నెల ఓ బుల్లి డబ్బా కొన్నాను. అయిదున్నర వేలు. "ఫోన్లో ఊరికే వచ్చే ఆటలకి అంత పోశారా" అని మా ఆవిడ అననే అంది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, మూడున్నర అంగుళాల తెర, ఎడమవైపు ప్లస్ ఆకారం మీట, కుడివైపు నాలుగు గుండ్రటి బటన్లు. ఆన్‌బర్నిక్, మియూ లాంటి చైనా కంపెనీలు ఇలాంటివి కొన్నేళ్లుగా వరసపెట్టి తెస్తున్నాయి. నాది ఏదో చెబితే ప్రకటన అనుకుంటారు, వదిలేద్దాం.

ఇంతకీ ఇదేం చేస్తుందంటే... 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే ఆటల యంత్రం తెచ్చింది. మా ఏలూరులో మాకు దొరికిన టీవీ గేమ్ దానికి నకలే. అందులోని చిప్ సెకనుకు సుమారు 18 లక్షల సార్లు టిక్కుమనేది. ఇప్పటి ఈ బుల్లి డబ్బాలో ఉన్నది వంద కోట్ల సార్లు దాటి టిక్కుమంటుంది. కానీ ఎంత వేగముంటే ఏం లాభం, పాత చిప్ భాష కొత్తదానికి రాదు. వాటి మధ్య దుబాసీలా కూర్చుని, పాత ఆట చెప్పే ప్రతి మాటనూ కొత్త చిప్‌కి అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రామే ఎమ్యులేటర్. ఇక ఆటల బరువంటారా... 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కిలోబైట్లు. పొద్దున్నే మీ వాట్సాప్‌కి వచ్చే గులాబీల శుభోదయం అంతకంటే బరువుంటుంది!

మొదటి రోజు కాస్త నిరాశపడ్డాను. బొమ్మ మరీ తేటగా ఉంది. అప్పట్లో పాత టీవీలో మారియో మొహం అలుక్కుపోయి ముచ్చటగా కనిపించేది. ఇందులో చతురస్రాలు పేర్చినట్టు ఉన్నాడు. వెతగ్గా వెతగ్గా సెట్టింగుల్లో ఓ ఏర్పాటు దొరికింది. అది నొక్కితే తెరమీద సన్నటి అడ్డగీతలు వచ్చి పాత టీవీలా కనిపిస్తుంది. మంచి తెరకి డబ్బులిచ్చి దాన్ని మసకబార్చుకోవడం... ఏమంటారో ఏమో!

మూడో తరగతి చదివే మా వాడు ముందు తెరని వేలితో పొడిచాడు. ఏమీ కదల్లేదు. బటన్లు చూపించాక పది నిమిషాలు ఆడి, "నాన్నా, యాడ్ రాలేదేంటి?" అన్నాడు. యాడ్ రాదు, నాణేలు కొనమని అడగదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మా ఆవిడ మొదటిసారి ఆ డబ్బా వంక మర్యాదగా చూసింది.

అయితే ఒక చిక్కుంది. ఇందులో ఆటని ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి దాచుకోవచ్చు. చచ్చిపోతే దాచిన చోటినుంచే మళ్లీ మొదలు. మాకు మూడు లైఫులు అయిపోయినా, కరెంటు పోయినా మొదటికే. అందుకే గొయ్యి దూకే ముందు గుండె దడదడలాడేది. మా వాడు నాలుగడుగులకోసారి దాచుకుంటున్నాడు. అలా ఆడకూడదని అరగంట క్లాసు పీకాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేనూ అదే పని చేశాను.

ఆదివారం మా అన్నయ్య ఏలూరు నుంచి వచ్చాడు. డబ్బా చేతికిచ్చి కాంట్రా పెట్టాను. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ... మొన్నే ఆడినట్టు వాడి బొటనవేళ్లు వాటంతటవే నడిచిపోయాయి. మూడు లైఫులకి బదులు ముప్ఫై! కొనామీ కంపెనీలో హషిమోటో అనే ఆయన గ్రాడియస్ అనే ఆటని పరీక్షించడం తనకే కష్టమై పెట్టుకున్న చిట్కా అది. ఆయన 2020లో పోయారు. అన్నయ్య ఆట మొదలెట్టబోయి తలెత్తి, "మరి నీదేదిరా?" అన్నాడు.

ఉన్నది ఒక్క జత బటన్లే. మా ఇంట్లో కాంట్రా అంటే ఇద్దరూ కలిసి ఆడేది. మూడో స్టేజీలో జలపాతం ఎక్కుతున్నప్పుడు ముందున్నవాడు పైకి ఎగిరితే తెర వాడితో పాటు పైకి జరుగుతుంది, కిందున్నవాడు చస్తాడు. ప్రతిసారీ చచ్చింది నేనే. ఇప్పుడు ఒక్కో లైఫూ వంతులేసుకుని ఆడాం. జలపాతం దగ్గర అన్నయ్య ఒక్కడే ఎక్కేశాడు. "మజా లేదురా" అని డబ్బా మా వాడికి ఇచ్చేశాడు.

ఇక అసలు సంగతి. దుకాణంవాడు ఇచ్చిన మెమరీ కార్డులో 'పదివేల ఆటలు' అన్నాడు. మన 9999 ఆటల క్యాసెట్ గుర్తుందా? అందులో నిజంగా ఉన్నవి ఏ పాతికో, మిగతావన్నీ అవే మళ్లీ మళ్లీ. ఇక్కడా ఒకే ఆట నాలుగు దేశాల పేర్లతో. మా వాడు, "ఇవన్నీ చేసినవాళ్లకి డబ్బులిచ్చారా నాన్నా?" అని అడిగాడు. సినిమా విడుదలైన రోజే పైరసీ లింకు పంపినందుకు మేనల్లుణ్ని తిట్టినవాణ్ని. నా దగ్గర జవాబు లేదు. మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామునీ సాహిత్య రచన కిందే లెక్కగడుతుంది. ఎమ్యులేటర్‌ది తప్పు కాదు, కార్డులో నింపిన ఆటలదే గొడవ. అలాగని అన్నీ కొనుక్కోవడానికీ దొరకవు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

నేను తేల్చుకునేలోపు కార్డే తేల్చేసింది. పదిహేనో రోజున చచ్చిపోయింది. అడిగితే, "ఆటలు ఫ్రీగానే ఇచ్చాం కదండీ" అన్నాడు దుకాణంవాడు. మంచి కార్డు వేరే కొన్నాను. అందులో ప్రస్తుతం ఒకే ఒక్క ఆట ఉంది. మైక్రో మేజెస్. 2019లో జర్మనీవాళ్లు పాత నింటెండో కోసమే కొత్తగా చేసి అమ్ముతున్నది. ఇదీ 40 కిలోబైట్లే! మా వాడు రెండో కోట దాకా వెళ్లాడు.

కాంట్రాని కొనామీ 2019లో మిగతా భాగాలతో కలిపి కంప్యూటర్‌కీ తెచ్చింది. అది లాప్‌టాప్‌లోకి కొన్నాను, రెండు జాయ్‌స్టిక్‌లు కూడా. అన్నయ్యకి ఫోన్ చేసి చెబితే, "అందులో ముప్ఫై లైఫులు వస్తాయా?" అని అడిగాడు.

"నువ్వొచ్చి నొక్కి చూడు" అన్నాను.