కండరం కొలతలో అసలు లోపం ఎక్కడ?

ఐసీయూలో కదలకుండా పడున్న మనిషికి కండ ఎంత త్వరగా కరిగిపోతుందో 2013లో బ్రిటన్ వైద్యులు ‘జామా’ పత్రికలో లెక్కకట్టి చూపారు. 63 మంది రోగుల తొడ ముందువైపు ఉండే రెక్టస్ ఫెమోరిస్ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలుస్తూ పోతే, పది రోజులకల్లా దాని అడ్డుకోత వైశాల్యం 17.7 శాతం పడిపోయింది. ఒక్క అవయవమే దెబ్బతిన్నవారిలో తొలి వారంలో 3 శాతం తరిగితే, పలు అవయవాలు విఫలమైనవారిలో 15.7 శాతం తరిగింది. బయట కూర్చున్న బంధువులకు ఇదేమీ కనిపించదు. సెలైన్లతో ఒళ్లు ఉబ్బుతుంది, కాబట్టి బరువు తగ్గినట్టే ఉండదు. వెంటిలేటర్ తీసి, మంచం దింపి నిలబెట్టబోయిన రోజున గానీ కాళ్లలో సత్తువ పోయిన సంగతి బయటపడదు.

అందుకే కొలవాలి. అయితే ఒక్కో స్కాన్‌లో కండరం అంచు వెంట చేత్తో గీత గీస్తూ కూర్చునే తీరిక ఐసీయూలో ఎవరికీ లేదు. పైగా ఇద్దరు గీస్తే రెండు గీతలు. ఈ పనిని ఇప్పుడు కృత్రిమ మేధ క్షణాల్లో చేస్తోంది. 2022లో వచ్చిన ‘డీప్ ఏసీఎస్ఏ’ ఇలాంటి సాఫ్ట్‌వేరే. 13 నుంచి 78 ఏళ్ల మధ్య వయసున్న 153 మంది తొడ, పిక్క కండరాల చిత్రాలు 1772 చూపించి దానికి నేర్పారు. ఇది మెచ్చుకోదగ్గ పనే. కానీ గీత గీయడంలో తేడా పోయినంత మాత్రాన కొలత సరైపోయిందని నమ్మితే మోసపోతాం. అసలు తప్పులు అంతకుముందే, ఒంటిమీద ఆనించే స్కానింగ్ ప్రోబ్‌ను పట్టిన చేతి దగ్గర మొదలవుతాయి.

తెరమీద రెక్టస్ ఫెమోరిస్ కండరం తెల్లటి అంచుతో కోడిగుడ్డు ఆకారంలో, దానికి కింద తొడ ఎముక మెరిసే వంపుగా కనిపిస్తాయి. జెల్ తక్కువై ప్రోబ్‌ను కాస్త అదిమితే చాలు, ఆ గుడ్డు చప్పిడి అవుతుంది. నిన్న కొలిచిన చోటికి రెండు వేళ్లు కిందికి పోతే కండరమే సన్నగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ చిత్రాన్నే నమ్మి, దశాంశాలతో సహా అంకె చెబుతుంది. చిత్రం పక్కనుండే సెంటీమీటర్ల కొలబద్దను పది శాతం ఎక్కువగా చదివిందంటే వైశాల్యం 21 శాతం పెరిగిపోతుంది. పది రోజుల తరుగు మొత్తాన్ని ఆ ఒక్క పొరపాటే కప్పేస్తుంది. జబ్బు ముదిరి, నీరు చేరిన కండరానికైతే అంచే మసకబారుతుంది. కొలత ఎక్కడ ఎక్కువ అవసరమో, యంత్రం తడబడేదీ అక్కడే.

ఇంత పట్టింపు ఎందుకంటే, కరిగే కండను ఎలా నిలపాలో వైద్యానికి ఇంకా పూర్తిగా అంతుచిక్కలేదు. వెంటిలేటర్ మీదున్నవారికి ప్రొటీన్ ఎక్కువగా ఇచ్చినా వారు త్వరగా కోలుకుని ఇంటికి వెళ్లలేదని 2023లో ‘లాన్సెట్’లో వచ్చిన ఓ పెద్ద పరిశోధన తేల్చింది. ఏ ఆహారం, ఏ వ్యాయామం పనిచేస్తుందో తేలాలంటే ముందు నమ్మదగిన కొలత ఉండాలి. తప్పుడు కొలత మంచి చికిత్సను కూడా దండగ అనిపిస్తుంది.

మన దగ్గర పోర్టబుల్ స్కానింగ్ యంత్రాన్ని రిజిస్టరైన ఆస్పత్రి దాటించడంపై కఠిన ఆంక్షలున్నాయి. ఆడపిల్లలను కడుపులోనే చంపుకున్న సమాజంలో అవి ఉండి తీరాలి. కాబట్టి ఆ యంత్రాలతో ఊరూరా తిరిగి వృద్ధుల కండ కూడా కొలవాలనే కలలను పక్కనపెట్టి, ఐసీయూలతోనే మొదలుపెడదాం. తొడమీద కొలిచే చోట చెరగని ఇంకుతో గుర్తు పెట్టాలి. వీలైనంతవరకు ఒకే మనిషి, జెల్ దండిగా వేసి, అదమకుండా తీయాలి. యంత్రం గీసిన గీతల్లో కొన్నింటిని వైద్యులు చేత్తో సరిచూడాలి. సాఫ్ట్‌వేర్ అమ్మవచ్చినవారిని ఆస్పత్రులు ముందు ఒక్క ప్రశ్న అడగాలి: మంచం పట్టిన మన రోగుల మీద దీన్ని పరీక్షించారా? లేదంటే, పరీక్షించి రమ్మని పంపాలి.